ఎనిమిది ఎర్రర్ కోడ్‌లు, ఒక పాత పెట్రోల్ కారు: సెన్సర్లు కొనకముందు మీటర్‌తో చూడాల్సినవి

బండి, పరిస్థితి

2007 మోడల్, 1.1 లీటర్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. థ్రాటిల్‌ను యాక్సిలరేటర్ కేబులే లాగుతుంది. చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదు. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) 800 ఆర్‌పీఎం దగ్గర నిలవకుండా 1,400 దాకా ఎగిసి పడుతోంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. ఇంజిన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోతే, చల్లారేదాకా మళ్ళీ అందుకోదు. పెట్రోల్ వాసన, మైలేజీ తగ్గడం సరేసరి. ఇంతకుముందే ఒక షెడ్డులో కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్ కొత్తవి వేశారు. లైటు మాత్రం అలాగే ఉంది.

పనిముట్లు: డిజిటల్ మల్టీమీటర్ (గరిష్ఠ, కనిష్ఠ విలువలు పట్టే బటన్ ఉన్నది), 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు టంకం పెట్టి చేసిన టెస్ట్ బల్బు, గుండుసూదులు, పేపర్ క్లిప్పు, వెర్నియర్, క్రింపింగ్ ప్లయర్, బ్లూటూత్ స్కానర్. సూదులు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) వెనక నుంచి, రబ్బరు సీలు పక్కగా దూర్చడానికి. వైరు తోలుకు గుచ్చి కొలిస్తే ఆ చిల్లులోంచి వచ్చే వానాకాలంలో నీళ్ళు దిగుతాయి.

దశ 1: స్కానర్ కనెక్ట్ కావడం లేదు

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంది. స్కానర్ గుచ్చితే లైటు కూడా వెలగలేదు. సాకెట్‌లో ముందు చూడాల్సినవి ఇవి:

1. 16వ పిన్ను: తాళం తీసినా బ్యాటరీ వోల్టేజి ఉండాలి. ఇక్కడ సున్నా.
2. 4, 5 పిన్నులు: రెండూ ఎర్త్. బ్యాటరీ ప్లస్‌కూ వీటికీ మధ్య 12 చూపించాలి. చూపించింది.
3. 7వ పిన్ను: కే-లైను, అంటే స్కానర్ ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడే పాతరకం వైరు. ఇగ్నిషన్ ఆన్‌లో దాదాపు బ్యాటరీ వోల్టేజి ఉండాలి. 11.8 వచ్చింది, బాగుంది.
4. 6, 14 పిన్నులు: క్యాన్ లైన్లు, కొత్త కార్లలో అదే పని చేసే వైర్ల జత. ఈ బండిలో ఆ గుంటల్లో లోహమే లేదు.

16వ పిన్ను సున్నాకు కారణం సిగరెట్ లైటర్ ఫ్యూజు. చాలా కార్లలో ఈ రెండింటికీ ఒకటే ఫ్యూజు. ఏదో చౌక ఫోన్ ఛార్జరు షార్ట్ అయి ఫ్యూజు పోతే స్కానర్ పాడైందనుకుంటారు. 

ఫ్యూజు మార్చాక స్కానర్ వెలిగింది, ఈసీయూతో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌తో) మాత్రం మాట్లాడలేదు. మార్కెట్‌లో దొరికే నకలు ఈఎల్‌ఎం327 స్కానర్లలో, ముఖ్యంగా 2.1 అని ముద్రించినవాటిలో చాలావాటికి కే-లైను ప్రొటోకాల్స్ (మాట్లాడే పద్ధతులు) సరిగా రావు. క్యాన్ ఉన్న కొత్త కార్లలో బాగానే పనిచేస్తాయి కాబట్టి తేడా తెలియదు. 1.5 రకం తెచ్చి, యాప్‌లో ప్రొటోకాల్ 'ఆటో' తీసేసి ఐఎస్ఓ 14230 (కే-లైను ప్రొటోకాల్) ఎంచుకుంటే కలిసింది. మన దేశంలో బీఎస్-4 బండ్లకు ఓబీడీ (లోపాల్ని బండే పసిగట్టి కోడ్ వేసే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2010 ఏప్రిల్ నుంచి. అంతకుముందు బండ్లలో సాకెట్ ఉన్నా లోపల ఏముందన్నది కంపెనీ ఇష్టం.

కే-లైను నెమ్మది. గ్రాఫ్‌లో పది రీడింగులు పెడితే ఒక్కొక్కటి కదలడానికే సెకన్లు పడుతుంది. ఒకసారికి మూడు, మహా అయితే నాలుగు పెట్టుకోవాలి.

వచ్చిన కోడ్‌లు:
పీ0108 మ్యాప్ (ఇన్‌టేక్ గాలి ఒత్తిడి) సెన్సర్ హై
పీ0113 ఇన్‌టేక్ గాలి టెంపరేచర్ సెన్సర్ హై
పీ0118 కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ హై
పీ0123 థ్రాటిల్ సెన్సర్ హై
పీ0135 ఆక్సిజన్ సెన్సర్ హీటర్
పీ0335 క్రాంక్ (ఇంజిన్ తిరుగుడు పట్టే) సెన్సర్
పీ0500 స్పీడ్ సెన్సర్
పీ0562 సిస్టమ్ వోల్టేజి తక్కువ

కోడ్‌లు చెరపకముందే ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో ఈసీయూ దాచిన రీడింగులు) రాసిపెట్టుకోవాలి: కూలెంట్ మైనస్ 40, ఆర్‌పీఎం 1,350, స్పీడు 0. ఈ మూడు అంకెల్లోనే సగం సమాధానం ఉంది. చెరపడానికి బ్యాటరీ టెర్మినల్ పీకొద్దు. ఫ్రీజ్ ఫ్రేమ్‌తోపాటు ఈసీయూ నేర్చుకున్న ఐడిల్, ఫ్యూయల్ దిద్దుబాట్లు కూడా పోతాయి. తర్వాత కనబడే ఐడిల్ తేడా లోపం వల్లా, చెరపడం వల్లా అన్నది తేలదు.

ఇప్పటిదాకా: కోడ్‌లు 8. ఖర్చు: స్కానర్ రూ. 900, ఫ్యూజు రూ. 10. మొత్తం రూ. 910.

దశ 2: ఎర్త్ (పీ0562)

సెన్సర్ కోడ్‌లు ఎన్ని ఉన్నా, వోల్టేజి కోడ్ ఒకటి ఉంటే దానితోనే మొదలుపెట్టాలి. ఈసీయూకే కరెంటు సరిగా అందనప్పుడు అది చెప్పే మిగతా మాటల్ని నమ్మలేం.

ఓమ్‌లలో కొలిస్తే ఎర్త్ కేబుల్ 0.1 చూపించింది. ఆ అంకెకు విలువ లేదు. మీటరు వైర్లకే అంత ఉంటుంది. కరెంటు పారుతుండగా రెండు చివరల మధ్య ఎంత వోల్టేజి పోతోందో చూడాలి. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, నలుపు వైరు బ్యాటరీ మైనస్ కడ్డీకి (క్లాంపుకు కాదు, కడ్డీకే), ఎరుపు వైరు ఇంజిన్ బ్లాకుకు:

సెల్ఫ్ కొట్టినప్పుడు: ప్లస్ 2.3 వోల్టులు. 0.3 దాటకూడదు.
ఇంజిన్ 2,000లో, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్: మైనస్ 0.6. 0.1 దాటకూడదు.

గుర్తు మారడం మీటరు తప్పు కాదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు కరెంటు బ్లాకు నుంచి బ్యాటరీకి వెళ్తుంది. ఆల్టర్నేటర్ పనిచేసేటప్పుడు బాడీ నుంచి బ్లాకుకు తిరిగి వస్తుంది. దారి ఒకటే, దిక్కు వేరు.

ఈ బండిలో ఈసీయూ ఎర్త్ కూడా బ్లాకు మీదే ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ కడ్డీల మధ్య 9.9 ఉంది, ఈసీయూకు అందింది 7.5. కోడ్ చెరిపి, చల్లని ఇంజిన్‌కు సెల్ఫ్ కొడితే పీ0562 వెంటనే మళ్ళీ పడింది. ఛార్జింగ్ వైపు లెక్క కూడా కలిసింది: ఆల్టర్నేటర్ మీదే కొలిస్తే 14.1, ప్లస్ దారిలో 0.2, మైనస్ దారిలో 0.6 పోగా బ్యాటరీకి 13.3. ఆల్టర్నేటర్ బాగానే ఉంది. ఈ స్థితిలో బ్యాటరీ ఎప్పుడూ నిండదు, కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్ళకు ఇదే కథ.

ఇంకో ఆనవాలు: పది సెకన్లు సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ కవరు చేతికి వెచ్చగా తగిలింది. ఎర్త్ కేబుల్‌లో దారి దొరకని కరెంటు ఆ ఉక్కు తీగలోంచి వెళ్తోంది. యాక్సిలరేటర్ కేబుళ్ళు ఊరికే బిగుసుకుపోతున్న బండ్లలో ఎర్త్ చూడకుండా మూడో కేబుల్ కొనొద్దు.

చేసింది:
1. గేర్‌బాక్సు మీద ఎర్త్ బోల్టు విప్పితే లగ్ (కేబుల్ చివరి లోహపు కొస) కింద తుప్పు, నూనె జిడ్డు. బాడీ వైపు లగ్ కింద పెయింటు.
2. రెండు చోట్లా ఎమెరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్దడం.
3. పాత అల్లిక కేబుల్ తీసేసి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, క్రింపు చేసిన లగ్గులు.
4. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ. బిగించకముందు కాదు.

తర్వాత: సెల్ఫ్‌లో 0.18, ఛార్జింగ్‌లో 0.05. సెల్ఫ్ కొట్టినప్పుడు ఈసీయూ దగ్గర 10.1. బ్యాటరీకి 13.85.

ఇప్పటిదాకా: కోడ్‌లు 7. కేబుల్, లగ్గులు రూ. 280, ఎమెరీ రూ. 20. మొత్తం రూ. 1,210.

దశ 3: నాలుగు 'హై' కోడ్‌లు ఒక్క వైరు

పీ0108, 0113, 0118, 0123. నాలుగు సెన్సర్లు ఒకేసారి చెడిపోవు. నాలుగూ 'హై' అనే చెబుతున్నాయి, అంటే సిగ్నల్ వోల్టేజి 5 దగ్గరకు ఎగిరింది. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది సెన్సర్ ఎర్త్. ఇది బాడీ ఎర్త్ కాదు. ఈసీయూ నుంచి విడిగా వచ్చే సన్న వైరు. అది తెగితే సెన్సర్ల కాళ్ళ కింద నేల పోయినట్టే, అన్నీ 5 వోల్టులకు తేలిపోతాయి. 5 వోల్టుల సరఫరా పోయుంటే థ్రాటిల్, మ్యాప్ 'లో' కోడ్‌లు పడేవి, టెంపరేచర్లు మామూలుగా ఉండేవి.

కోడ్ చెరిపి, కూలెంట్ సెన్సర్ కప్లర్ దగ్గర పరీక్ష. స్కానర్‌లో కూలెంట్ రీడింగు తెరిచి పెట్టి, ఇగ్నిషన్ ఆన్‌లో:

1. కప్లర్ పీకితే మైనస్ 40 చూపించాలి. చూపించింది.
2. కప్లర్‌లోని రెండు పిన్నుల్ని పేపర్ క్లిప్పుతో కలిపితే 130కి పైగా ఎగరాలి. ఎగరలేదు, మైనస్ 40 దగ్గరే ఉంది. 
3. సిగ్నల్ పిన్ను నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కు వైరు కలిపితే 130 దాటింది.

రెండోది తప్పి మూడోది నెగ్గిందంటే సిగ్నల్ వైరు బాగుంది, ఈసీయూ బాగుంది, ఎర్త్ వైరు తెగింది. ఇక కప్లర్ పక్కన వైరింగ్ కట్టను కదిలిస్తే రీడింగు ఒక్కసారి సరైంది, వదిలితే మళ్ళీ పోయింది. మూడో మెట్టులో సిగ్నల్ పిన్ను ఏదో తెలియకపోతే ఆగండి. ఇగ్నిషన్ ఆన్‌లో 5 వోల్టులు చూపించేదే సిగ్నల్. 12 చూపిస్తే మీరు వేరే కప్లర్ పట్టుకున్నారు.

తీసిపెట్టిన పాత కూలెంట్ సెన్సర్‌ను కూడా కొలిచాం. 20 డిగ్రీల దగ్గర 2.5 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 0.32 ఉండాల్సిన రకం. 30 డిగ్రీల గదిలో 1.7, వేడి నీళ్ళలో 80 దగ్గర 0.33. ఏ లోపమూ లేదు. దాన్ని డబ్బాలో దాచుకోవడమే.

ఐడిల్ ఎందుకు ఎగిసిపడిందో ఇక్కడే తేలింది. ఎర్త్ పూర్తిగా తెగినప్పుడే కోడ్ పడుతుంది. సగం తెగినప్పుడు కోడ్ ఉండదు, అబద్ధపు రీడింగులు ఉంటాయి. కట్టను కొంచెం జరిపి, వైరు సగమే ఆనేలా ఉంచినప్పుడు సెన్సర్ ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.31 వోల్టులు ఉంది (0.05 దాటకూడదు). థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు 0.46 రావాల్సిన సిగ్నల్ 0.74 వచ్చింది. ఈసీయూ దృష్టిలో కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, అది ఐడిల్‌ను పట్టుకోవడం మానేసింది. కూలెంట్‌దీ అంతే. ఈసీయూ లోపలి నిరోధం 2.2 కిలో ఓమ్‌లనుకుంటే, 80 డిగ్రీల ఇంజిన్ దానికి 67 దగ్గర కనిపిస్తుంది. ఇంకా వేడెక్కలేదని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. థ్రాటిల్ సెన్సర్ మరలు వదులు చేసి తిప్పి 0.46కి తెచ్చే 'సెట్టింగ్' కొందరు చేస్తారు. ఎర్త్ బాగైన రోజున అది ఎదురు తిరుగుతుంది.

లోపం ఉన్న చోటు: ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక, కట్ట టేపు విప్పాక కనబడే జాయింటు. మూడు వైర్లను ఒకదానికి కలిపిన రాగి బిళ్ళ. టేపు మీద టేపు చుట్టి ఉంది, సీలు లేదు. బిళ్ళ మొత్తం పచ్చటి చిలుము, వేలితో ఒత్తితే పొడి రాలింది. సర్వీసింగ్‌లో ఇంజిన్ బే మీద ప్రెషర్ గన్‌తో నీళ్ళు కొడితే వెళ్ళేది ఇలాంటి చోటికే. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖ బండ్లలో దీనికి నీళ్ళు కొట్టాల్సిన అవసరం కూడా ఉండదు.

1. బ్యాటరీ మైనస్ తీసి, ఈసీయూ కప్లర్ విప్పడం.
2. చిలుము వైరు తోలు లోపలికి పాకి ఉంటుంది. జాయింటు నుంచి నాలుగు సెంటీమీటర్లు కోశాక గానీ మెరిసే రాగి రాలేదు. నల్లబడ్డ రాగిని ఏ జాయింటూ కాపాడలేదు.
3. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు ముక్కలతో పొడిగింపు. జాయింట్లు ఒకే చోట కాకుండా మూడేసి సెంటీమీటర్లు ఎడంగా.
4. క్రింపు చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు. ఇంజిన్ అదిరే చోట టంకం కన్నా క్రింపే మేలు. టంకం వైరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, ఆ గట్టి భాగం అయిపోయిన చోటే విరుగుతుంది.
5. కట్టను బ్రాకెట్‌కు క్లిప్పు చేయడం. వేలాడే కట్ట మళ్ళీ తెగుతుంది.

తర్వాత: సెన్సర్ ఎర్త్ 0.01, కట్టను గుంజి చూసినా గరిష్ఠం 0.02. థ్రాటిల్ 0.46 నుంచి 4.4 దాకా ఎక్కడా జారకుండా ఎక్కింది. మ్యాప్ సెన్సర్ ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో 95 కిలోపాస్కల్స్. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇది సరైన అంకె. విజయవాడలో ఇదే సెన్సర్ 100కు పైన చూపించాలి, 95 అంటే అనుమానించాలి. ఐడిల్‌లో 34.

ఇప్పటిదాకా: కోడ్‌లు 3. వైరు రూ. 40, క్రింపులు రూ. 60, స్లీవు రూ. 90, టేపు రూ. 80. మొత్తం రూ. 1,480.

దశ 4: ఆక్సిజన్ సెన్సర్ హీటర్ (పీ0135)

నాలుగు వైర్ల సెన్సర్. ఒకే రంగు ఉన్న రెండు వైర్లు సాధారణంగా హీటర్‌వి. ఇందులో తెల్లవి రెండు, మధ్య 9 ఓమ్‌లు. హీటర్ బతికే ఉంది. కప్లర్ బండి వైపు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా 12 రావడం లేదు. 10 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. కొత్తది పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే అదీ పోయింది. 15 ఆంపియర్లది పెట్టి చూడొద్దు. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

ఫ్యూజు గుంటలో ఫ్యూజుకు బదులు 21 వాట్ల బల్బు పెట్టాలి. సెన్సర్ కప్లర్, ఆ ఫ్యూజు మీదున్న మిగతావీ పీకేయాలి (మూత మీద రాసి ఉంటుంది). అప్పుడు బల్బు ఆరి ఉండాలి. ఇక్కడ నిండుగా వెలిగింది, అంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఒకరు బల్బు చూస్తుంటే ఇంకొకరు కట్టను జానెడు జానెడు చొప్పున కదపాలి. సైలెన్సర్ మానిఫోల్డ్ రేకు దగ్గర పైకెత్తగానే బల్బు ఆరింది. తోలు కరిగి రాగి రేకుకు ఆనుతోంది.

కరిగిన భాగం కోసి కొత్త వైరు, పైన ఫైబర్ గ్లాస్ స్లీవు, రేకుకు ఐదు సెంటీమీటర్ల దూరంలో క్లిప్పు. ఈ మరమ్మతు బండి వైపు వైరుకే. సెన్సర్ నుంచి వచ్చే వైర్లకు టంకం పెట్టొద్దు, ఆ కప్లర్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టొద్దు. చాలా సెన్సర్లు పోలికకు కావాల్సిన బయటి గాలిని ఆ వైర్ల పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి.

తర్వాత: హీటర్ మొదట్లో 1.5 ఆంపియర్లు తీసుకుని, వేడెక్కేకొద్దీ తగ్గింది. సిగ్నల్ 0.1 నుంచి 0.8 మధ్య అటూ ఇటూ ఊగుతోంది.

ఇప్పటిదాకా: కోడ్‌లు 2. ఫ్యూజులు రూ. 20, స్లీవు రూ. 120, వైరు రూ. 20. మొత్తం రూ. 1,640.

దశ 5: వేడికి చచ్చే క్రాంక్ సెన్సర్ (పీ0335)

ఆగిపోయిన బండికి సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం 0 అంటే ఈసీయూకు క్రాంక్ సిగ్నల్ అందడం లేదు. స్పార్కూ రాదు, ఇంజెక్టరూ తెరవదు. ఫ్యూయల్ పంపు మీద అనుమానంతో ట్యాంకు విప్పకముందు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

ఇది రెండు వైర్ల కాయిల్ రకం. చల్లగా 870 ఓమ్‌లు. బాగానే ఉందని ఇక్కడే వదిలేస్తారు. సెన్సర్ విప్పి, మీటరు తగిలించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, స్టీలు గిన్నెలో కాగుతున్న నీళ్ళలో దించితే నిరోధం మెల్లగా ఎక్కింది: 900, 950, 1,000. ఇది తప్పు కాదు. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గరి 870, 90 దగ్గర 1,070 దాకా వెళ్ళాలి. 1,040 దగ్గర మీటరు ఒక్కసారిగా ఓపెన్ చూపించింది. నీళ్ళలోంచి తీసి గుడ్డ మీద పెడితే కాసేపటికి 980తో మళ్ళీ ప్రాణం వచ్చింది. లోపలి తీగ తెగి, చల్లగా ఉన్నప్పుడు అంచులు ఆనుకుంటున్నాయి. ఈ మొత్తం పనిలో నిజంగా చెడిపోయిన సెన్సర్ ఇదొక్కటే.

కొత్తది కొనేటప్పుడు వెర్నియర్ పట్టుకెళ్ళాలి. పాతది ఫ్లాంజి నుంచి మొన దాకా 24.1 మిల్లీమీటర్లు. షాపులో ముందు చూపించిన చౌక నకలు 23.0. ఆ 1.1 మిల్లీమీటర్లు చక్రం పళ్ళకూ మొనకూ మధ్య ఎడంలో కలుస్తాయి, సెల్ఫ్ వేగంలో సిగ్నల్ బలహీనపడుతుంది. రెండోది 24.1 ఉంది, అదే తీసుకున్నాం. పాత మొనకు అంటిన ఇనుప రజను తుడిచి చూడటం కూడా మరవొద్దు. కొన్ని బండ్లలో లోపం అంతే. వైరు ముక్క కలపాల్సి వస్తే రెండు వైర్లూ తారుమారు కాకూడదు. సిగ్నల్ తిరగబడితే స్టార్ట్ కాదు, అయినా టైమింగ్ తప్పుతుంది.

తర్వాత: సెల్ఫ్‌లో 0.9 వోల్టుల ఏసీ (అర వోల్టుకు పైన ఉంటే చాలు). ఇంజిన్ రెండుసార్లు ఫ్యాను తిరిగేదాకా వేడెక్కించి ఆపి, వెంటనే కొడితే అందుకుంది.

ఇప్పటిదాకా: కోడ్‌లు 1. సెన్సర్ రూ. 1,450. మొత్తం రూ. 3,090.

దశ 6: స్పీడ్ సెన్సర్ (పీ0500)

మీటరు బోర్డులో స్పీడు ముల్లు బాగానే కదులుతోంది, స్కానర్‌లో స్పీడు 0. అంటే గేర్‌బాక్సు మీది సెన్సర్ మంచిదే. మీటరు బోర్డుకూ ఈసీయూకూ మధ్య దారి పోయింది. బోర్డు వెనక సిగ్నల్ వైరు మీద వోల్టేజి చూస్తూ, జాకీ మీదున్న ముందు చక్రాన్ని చేత్తో తిప్పితే 0కూ 12కూ మధ్య మారుతోంది. ఈసీయూ కప్లర్ దగ్గర కదలిక లేదు.

డాష్ కింద, ఆ వైరును నీలం రంగు ట్యాపింగ్ క్లిప్పు కరిచి ఉంది. బయట వేయించిన సెంట్రల్ లాకు, బండి కదలగానే డోర్లు లాకవ్వడానికి స్పీడు సిగ్నల్ అక్కడ తీసుకుంది. క్లిప్పు బ్లేడు పోగులన్నిటినీ కోసేసింది. క్లిప్పు తీసి, వైరు కోసి, క్రింపు, స్లీవు. లాకు వైరును అదే క్రింపులోకి పక్కన చేర్చాం. పాత బండిలో అలారం, స్టీరియో, రివర్స్ కెమెరా బయట వేయించినవైతే, అవి వైర్లు తీసుకున్న చోట్లు ముందే ఒక చుట్టు చూసుకోవడం మంచిది.

ఇప్పటిదాకా: కోడ్‌లు 0. క్రింపు, స్లీవు రూ. 30. మొత్తం రూ. 3,120. అంతకుముందు షెడ్డులో కొన్న రెండు సెన్సర్ల బిల్లు ఇందులో లేదు.

రోడ్డు మీద సరిచూసినవి

కోడ్‌లు చెరిపాక స్టోర్డ్ కోడ్‌లు ఒక్కటే చూస్తే సరిపోదు. పెండింగ్ జాబితా కూడా తెరవాలి. కొన్ని లోపాలు వరుసగా రెండు డ్రైవుల్లో కనబడితే గానీ లైటు వెలగదు. చల్లని స్టార్టు నుంచి వేడెక్కేదాకా, గతుకుల రోడ్డు, ఏసీ ఆన్, హెడ్‌లైట్లు ఆన్, అన్నీ కలిసేలా నడిపి చూశాం. రెండు జాబితాలూ ఖాళీ.

వేడి ఇంజిన్, ఐడిల్: ఆర్‌పీఎం 780 నుంచి 820. కూలెంట్ 91. మ్యాప్ 34. థ్రాటిల్ 0.46. బ్యాటరీ 13.9, ఏసీ, లైట్లు వేస్తే 13.6. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ నేర్చుకున్న పెట్రోల్ దిద్దుబాటు, శాతంలో) మొదట మైనస్ 14 ఉండి, నడిపేకొద్దీ మైనస్ 3కి వచ్చింది. ఈ అంకెల కాగితం ఒకటి గ్లౌబాక్సులో పెట్టాం, ఇంకోటి ఫ్యూజు బాక్సు మూత లోపల అంటించాం.